దోమకు హద్దురాళ్లు

2016లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దోమలపై దండయాత్ర ప్రకటించింది. ర్యాలీలు తీశారు, నినాదాలు చేశారు, పొగ మిషన్లు తిప్పారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2025 జూన్‌లో, ఇంతకీ శత్రువు ఎక్కడున్నాడో చూద్దామని తోచింది. యుద్ధం ముందు, వేగులు తర్వాత. ఏ రాజనీతిలోనూ లేని కొత్త పద్ధతి.

ఆ వేగు పేరు స్మాస్. కృత్రిమ మేధతో నడిచే దోమల నిఘా. ఆరు నగరపాలక సంస్థల్లో 66 చోట్ల పెడతామన్నారు: విజయవాడకు 28, విశాఖకు 16, మిగిలినవి నెల్లూరు, కర్నూలు, రాజమహేంద్రవరం, కాకినాడలకు. దోమ ఏ జాతిదో, ఎన్నున్నాయో, ఆడదో మగదో సెన్సర్ చెప్పేస్తుందట. ఆ లెక్క పటమెక్కుతుందట, డ్రోను వచ్చి మందు కొడుతుందట. ఈ ఆడామగా సంగతి మా అచ్యుతాపురంలో అద్దెగదిలో పడుకునే ఏ కార్మికుడినడిగినా యంత్రం లేకుండానే చెబుతాడు. కుట్టిందంటే ఆడదే. మగది ఆకుల రసం, పూల తేనె తాగి బతికే సాధుజీవి.

విశాఖకిచ్చిన ఆ పదహారులో అచ్యుతాపురానికి వాటా లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేం అనకాపల్లి జిల్లా పాలయ్యాం. సెజ్ ఉంది, మందుల ఫ్యాక్టరీలున్నాయి, వేలమంది ఆడపిల్లలు బట్టలు కుట్టే బ్రాండిక్స్ ఉంది. కానీ కార్పొరేషన్ గీత అవతల ఉన్నాం కాబట్టి మా దోమ పల్లెటూరి దోమ. దానికి డ్యాష్‌బోర్డు యోగం లేదు.

దోమ కూడా ఈ గీతను గౌరవిస్తుందనే అనుకుందాం. డెంగీ మోసే ఈడిస్ దోమ పెద్ద ప్రయాణికురాలేం కాదు. పుట్టిన చోటి నుంచి మామూలుగా నాలుగు వందల మీటర్లు దాటదు. అయితే అది పగలు కుడుతుంది. షిఫ్టులో ఉన్న అమ్మాయిని కుడుతుంది. ఆ అమ్మాయి సాయంత్రం కంపెనీ బస్సెక్కి గాజువాకో, ఎలమంచిలో, అనకాపల్లో వెళుతుంది. వైరస్ ఆమె ఒంట్లో కూర్చుని టిక్కెట్టు లేకుండా ఊరు చేరుతుంది. అక్కడ ఇంకో ఈడిస్ కాచుకుని ఉంటుంది. కాబట్టి మా దగ్గర డెంగీ ఎంత దూరం పాకుతుందో గీయాలంటే ఉపగ్రహం అక్కర్లేదు, కంపెనీ బస్సుల రూటు చార్టు చాలు. దాన్ని ఏ డిపార్ట్‌మెంటూ అడగదు. అందులో కృత్రిమ మేధ లేదు మరి.

పైనుంచి చూసే పటంతో ఇంకో తంటా ఉంది. ఆకాశంలోంచి చూస్తే మా మండలంలో కొట్టొచ్చినట్టు కనిపించే నీలిరంగు కొండకర్ల ఆవ అనే సరస్సుదే. పాపం, నింద దాని మీద పడుతుంది. ఈడిస్‌కు ఆవ ఎందుకు? మేడమెట్ల కింద మూతలేని నీళ్ల డ్రమ్ము, కూలర్ అడుగు, తాగి పారేసిన కొబ్బరి బొండాం, పంక్చరు షాపు ముందు పాత టైరు. ఇవి ఏ డ్రోనుకు కనబడతాయి? ఆశా కార్యకర్తకు కనబడతాయి. ఆవిడ తలుపు తట్టి, డ్రమ్ము ఒంపించి వెళుతుంది. ఆవిడ తలలో ఉన్న పటాన్ని ఇంతవరకూ ఎవరూ టెండరుకు పిలవలేదు.

పటం వద్దని కాదు. మేడ మీది ట్యాంకులో పెరిగే మలేరియా దోమ వేరు, ఏజెన్సీ కొండవాగులో పెరిగేది వేరు, మురుగులో పుట్టి బోదకాలు మోసే క్యూలెక్స్ వేరు. మందూ వేరే, కొట్టే వేళా వేరే. జాతి తెలియకుండా పొగ కొట్టడం శుద్ధ దండగ. కానీ గుడ్డు దోమగా మారడానికి మన ఎండల్లో వారం, పది రోజులు చాలు. వారానికోసారి నిలవ నీళ్లు ఒంపేయమని శుక్రవారం డ్రైడే పెట్టింది అందుకే. సెన్సర్ హెచ్చరిక ఫైలై, ఫైలు సంతకమై, సంతకం డ్రోనై వచ్చేసరికి ఆ దోమ అమ్మమ్మ అయి ఉంటుంది.

ఇంత యంత్రాంగం లేని రోజుల్లో, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మరలు తుప్పుపట్టిన మైక్రోస్కోపుతో. హుస్సేన్ ఖాన్ అనే రోగికి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ రేటు ఇప్పుడు అమల్లో ఉంటే మా కార్మికులు డ్యూటీలు మానేసి గదుల్లోనే పడుకుందురు. 1902లో నోబెల్ అందుకున్న ఆ పెద్దమనిషి అదే ఏడాది పుస్తకం రాసి మరీ చెప్పింది ఏమిటి? మనుషుల్ని దళాలుగా పెట్టి డబ్బాలు, కుండలు ఒంపించండి, గుంటలు పూడ్చండి, నీళ్లు పారించండి అని.

నీళ్లు పారించాలంటే ముందు కాలవ ఎవరిదో తేలాలి. పంచాయతీదా, పరిశ్రమల స్థలాలు చూసే ఏపీఐఐసీదా, రోడ్లు భవనాల శాఖదా? దోమ జాతి చెప్పే యంత్రం వచ్చింది గానీ కాలవ జాతి చెప్పేది ఇంకా రాలేదు. అది తయారుచేసినవాళ్లు ముందు మా ఊరే రావాలి. ఈలోగా పదిహేడో సెన్సర్ మాకూ ఇస్తామంటే కాదనం. దాన్ని బిగించే స్తంభం కోసం వెతుక్కోనక్కర్లేదు, నిలవ నీళ్ల గట్టున కావలసినన్ని ఉన్నాయి. అక్కడ బిగిస్తే దోమల లెక్కతో పాటు వాటి పుట్టినతేదీలు కూడా ఎక్కించుకోవచ్చు.