పథకం మారింది, ఫొటో పంపండి

వైద్య ఆరోగ్య పథకంలో మార్పు అంటే ఆ పథకాన్ని జనానికి చేర్చే పద్ధతిలో వచ్చే తేడా. మందు అదే, టీకా అదే, కాన్పూ అదే. వాటిని ఎవరు ఇస్తారు, ఎక్కడ, ఏ వేళలో, ఏ పుస్తకంలో రాస్తారు అన్నవి మారుతుంటాయి. ఈ తేడాలను వరసగా రాసిపెట్టుకుంటే పథకం ఫలించినప్పుడు దేనివల్ల ఫలించిందో, చతికిలబడితే ఎక్కడ చతికిలబడిందో తెలుస్తుంది. శాస్త్రం ఇంతే. ఆ తర్వాతదంతా పెయింటరు పని.

అమెరికా పరిశోధకులు ఈ శాస్త్రం మీద గట్టిగానే కూర్చున్నారు. అమలు వ్యూహం అంటూ ఒకటి పెట్టుకుంటే దాన్ని ఎవరు చేస్తారు, ఏం చేస్తారు, ఎవరి కోసం, ఎప్పుడు, ఎంత మోతాదులో, ఏ ఫలితం ఆశించి, ఏ ఆధారంతో అన్నవన్నీ రాయాలని 2013లో ఎనోలా ప్రోక్టర్, ఆమె సహచరులు చెప్పారు. 2015లో మరో బృందం అలాంటి వ్యూహాలు 73 ఉన్నాయని లెక్క తేల్చింది. 2021లో ఆ వ్యూహాల్లో వచ్చే మార్పులను నమోదు చేయడానికి ఫ్రేమ్-ఐఎస్ అనే ఫారం తయారైంది. ఆ 73లో శిక్షణ ఉంది, పర్యవేక్షణ ఉంది, రికార్డుల పద్ధతి మార్చడం ఉంది, గదుల అమరిక మార్చడం కూడా ఉంది. పేరు మార్చడం మాత్రం లేదు. ఆ లోటును మన దేశం పూడ్చింది. ఫారంలోని గడులనే ఒక్కొక్కటిగా తీసుకుంటే మన పద్ధతి సులువుగా బోధపడుతుంది.

మొదటి గడి: ఏం మారింది. దీనికి మన జవాబు ఎప్పుడూ సిద్ధమే. బోర్డు మారింది.

ఊళ్లో ఉపకేంద్రం అనేది ఒకటుంటుంది. 2018లో కేంద్రం దాన్ని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ అంది. ఆంధ్రప్రదేశ్‌లో అది వైఎస్సార్ విలేజ్ హెల్త్ క్లినిక్ అయింది, తెలంగాణలో పల్లె దవాఖాన అయింది. 2023 నవంబరులో కేంద్రం మళ్లీ దాన్ని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ చేసింది. గది అదే, గదిలో బల్లా అదే, బల్ల మీద బీపీ మిషను కూడా చాలా చోట్ల అదే. ఆరోగ్యశ్రీది ఇంకా పెద్ద వంశవృక్షం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో పాత పేరుకు ముందున్న రాజీవ్ 2023 డిసెంబరులో తిరిగొచ్చాడు. గుండె ఆపరేషన్ అయిన మనిషి బతికి బట్టకడితే తన కార్డు మీద ఎంతమంది నాయకుల్ని చూశాడో మనవలకు కథగా చెప్పుకోవచ్చు.

ఆరోగ్య మందిర్ ఉత్తర్వును మాత్రం తాపీగా చదువుకోవాలి. పేరు మార్చడానికి ఒక్కో కేంద్రానికి 3,000 రూపాయలు. గడువు 2023 ఆఖరు. మార్చాక ఫొటో తీసి పోర్టల్‌లో ఎక్కించాలి. లక్షన్నర కేంద్రాలనుకున్నా 45 కోట్లు. అక్షరాలకు. ఆ 3,000 రూపాయలతో ఒక ఉపకేంద్రంలో ఏమేం రావచ్చో ఏ నర్సమ్మను అడిగినా చెబుతుంది. బరువు సరిగా చూపించే కాటా, గర్భిణి పడుకుంటే కిర్రుమనని బల్ల, వచ్చినవాళ్లు తాగడానికి మూత ఉన్న నీళ్ల డబ్బా, వాకిట్లో ఒక లైటు. వీటిలో ఏదీ ఫొటోలో బోర్డంత బాగా పడదు.

తర్వాత రంగు. కేంద్రాల గోడలకు పసుపు రంగు, గోధుమరంగు అంచు వేయాలన్నది నియమం. అప్పటి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి నీలం, తెలుపు ఇష్టం. రంగు నియమం పాటించలేదని జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు నిలిపేశారని, వాటిని విడుదల చేయాలని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి 2023 నవంబరులో ప్రధానికి లేఖ రాయాల్సి వచ్చింది. ఆరోగ్య మిషన్ నిధులంటే ఆశా కార్యకర్తకు ముట్టే డబ్బు, కాన్పు గదికి వచ్చే సరుకు, ఒప్పందం మీద పనిచేసే నర్సు జీతం. గోడ ఏ రంగులో ఉందో చూసి ఆ తర్వాత బాలింత మొహం చూసే ప్రభుత్వం ఒకవైపు, ఆ గోడ రంగు కోసం పట్టుబట్టిన ప్రభుత్వం ఇంకోవైపు. మధ్యలో ఏ పార్టీ రంగూ లేని రక్తహీనత. పంజాబ్‌లో ఇదే గొడవ ఆమ్ ఆద్మీ క్లినిక్కుల పేరు మీద నడిచింది. కేరళ తన జనకీయ ఆరోగ్య కేంద్రం అన్న పేరును పక్కనే నిలుపుకుని బయటపడింది.

రంగు వేయడానికి గోడ ఉండాలి కదా అన్నది ఉత్తర్వులకు తట్టని ప్రశ్న. ఉపకేంద్రాల్లో అద్దె ఇళ్లలో నడిచేవి ఎన్నో. ఇంటాయన తన గోడకు ప్రభుత్వం ఏ రంగు వేస్తుందో వినడానికి ఇష్టపడడు. వేయనిస్తే ఎప్పుడు కడిగి ఇస్తారని అడుగుతాడు. అక్కడ గోడ వదిలేసి ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీ గాలికి చిరుగుతుంది, ఫొటో చిరగదు. పోర్టల్‌లో ఆ కేంద్రం కలకాలం పచ్చగా ఉంటుంది.

ఫొటోకూ ఒక శాస్త్రం ఉంది. బోర్డు పూర్తిగా కనిపించాలి. సిబ్బంది నిలబడాలి. జియో ట్యాగ్ పడాలి. జియో ట్యాగ్ పడాలంటే సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడిస్తే బోర్డు ఫొటోలో ఉండదు, బోర్డు దగ్గర నిలబడితే ట్యాగ్ పడదు. ఈ సందిగ్ధాన్ని పరిష్కరించే వ్యూహం 73లో లేదు. పై నుంచి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: ‘ఇంకా 4 పెండింగ్, వెంటనే పంపగలరు.’ ఆ పూట వచ్చిన జ్వరం మనిషి అరుగు మీద కూర్చుంటాడు. వీలైతే అతణ్ణి కూడా ఫొటోలో నిలబెడతారు, లబ్ధిదారుగా.

యాప్‌ల సంగతికి ఒక్క వాక్యం చాలు. తల్లీబిడ్డల వివరాల కోసం 2009లో ఒక వ్యవస్థ వచ్చింది, తర్వాత ఆర్‌సీహెచ్ పోర్టల్, 2016లో అన్‌మోల్ ట్యాబ్, వీటి చుట్టూ జీవనశైలి జబ్బులకు ఒకటి, టీకాలకు ఒకటి, క్షయకు ఒకటి, అంటురోగాలకు ఒకటి చేరాయి, అన్నిటికీ అడుగున నర్సమ్మ సంచీలో పాత పెద్ద రిజిస్టరు అలాగే ఉంది, ఎందుకంటే సర్వర్ పడిపోయినప్పుడు అడిగేది దాన్నే.

రెండో గడి: ఎవరు మార్చారు. పై వాళ్లు.

మూడో గడి: ఎప్పుడు మార్చారు. విదేశీ ఫారంలో దీనికి అర్థం, పథకం ఏ దశలో ఉండగా మార్చారు అని. మన దగ్గర దశలు రెండే, మంత్రి రాకముందు, మంత్రి వచ్చి వెళ్లాక. లక్ష్యాల తేదీలు దీనికి బయట ఉంటాయి. క్షయను 2025 నాటికి దేశం నుంచి తరిమేస్తామని 2018 మార్చిలో ఢిల్లీలో ప్రకటించారు. ప్రపంచం పెట్టుకున్న 2030 కంటే అయిదేళ్ల ముందు. 2020 జనవరిలో కార్యక్రమం పేరులోని ‘నియంత్రణ’ను తీసి ‘నిర్మూలన’ అని రాశారు. 2025 వెళ్లిపోయింది. క్షయ వెళ్లలేదు.

నాలుగో గడి: ఎందుకు మార్చారు. ఫారం మొత్తంలో ప్రాణం ఉన్న గడి ఇదొక్కటే. మన దస్త్రాల్లో ఇక్కడ ‘పై ఉత్తర్వుల మేరకు’ అని ఉంటుంది.

కారణం రాయడం ఈ దేశానికి చేతకాక కాదు. అదే క్షయ కార్యక్రమంలో 1997 నుంచి మందులు వారానికి మూడు రోజులే మింగించేవారు. రోజూ మింగించాలన్న వైద్యుల వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో దేశమంతా రోజువారీ మోతాదుకు మారింది. ఏం మారిందో, ఎందుకు మారిందో, ఎవరు అడిగితే మారిందో ఇప్పుడు ఎవరైనా వెతికి చదువుకోవచ్చు. రోగికి పోషణ డబ్బు 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరులో 1,000 అయింది. తిండి లేనివాడి ఒంట్లో మందు పనిచేయదన్నది దానికి కారణం. ఇవి మార్పులు. వీటికి రంగు అక్కర్లేదు.

అసలు మార్పులు చేస్తున్నది ఎవరో చూస్తే ఇక వ్యంగ్యానికి నోరు రాదు. తెలుగు నేల మీద తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెల వచ్చేసరికి పిల్లను తీసుకుపోతారు. కంప్యూటర్ ఆమెను మెట్టినింటి ఊళ్లో వెతుకుతుంది. అక్కడి జాబితాలో ఆమె మధ్యలో మానేసిన మనిషి, పుట్టింటి ఊళ్లో పేరే లేని మనిషి. రెండు ఊళ్ల ఏఎన్‌ఎంలు ఫోన్లు చేసుకుని, నెలలు లెక్కేసుకుని, రక్తం ఎంతుందో నోటితో చెప్పుకుని, ఆమెను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందిస్తారు. ఈ పద్ధతిని ఏ శిక్షణలోనూ నేర్పలేదు. ఏ ఫారంలోనూ దీనికి గడి లేదు. రివ్యూ మీటింగులో మాత్రం ‘డ్రాపౌట్’ ఎందుకు పెరిగిందని నిలబెట్టి అడుగుతారు.

టీకాలు బుధ, శనివారాలు. మిరప కోతల కాలంలో తల్లులు తెల్లారకముందే ఆటో ఎక్కుతారు, మళ్లీ దీపాలవేళకే వస్తారు. పగలంతా ఖాళీ కుర్చీ ముందు కూర్చున్న నర్సమ్మ ఒకరోజు సాయంత్రం దాకా ఆగుతుంది. పది మంది పిల్లలకు టీకాలు పడతాయి. చేర్చే పద్ధతిలో మార్పంటే సరిగ్గా ఇదే, అమెరికా ఫారం వెతుకుతున్నదీ దీన్నే. మన వ్యవస్థ దీనికిచ్చే పేరు ఆలస్యపు ఎంట్రీ. దానికి సంజాయిషీ అడుగుతారు. పనిని పని చేసే చోటికి తగినట్టు మార్చుకున్న మనిషిని దోషిలా నిలబెట్టి, గోడకు రంగు మార్చినవాణ్ణి ప్రగతి నివేదికలో ఎక్కించడం తెలివితక్కువతనం కాదు, దుర్మార్గం. పెయింట్ డబ్బా రసీదు దొరుకుతుంది. ఏ మార్పుతో ఎంతమంది తల్లులు బతికారో చెప్పే కాగితం దొరకదు. ఏటా అదే తప్పు కొత్తగా చేయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

మన్యంలో నొప్పులొచ్చాక డోలీ కట్టి కిలోమీటర్లు మోయడం కంటే నెలలు నిండేముందే గర్భిణిని కిందికి తెచ్చి ఉంచుకోవడం మేలని సాలూరులో వసతి గృహం పెట్టారు. రోడ్డు వేసేదాకా ఆగకుండా మనిషినే ముందుగా ఆస్పత్రి పక్కకు చేర్చడం మంచి ఆలోచన. అలాంటిదాన్ని నమోదు చేయాలంటే చాలా రాయాలి. ఏ గూడెం నుంచి ఎవరు రానన్నారు, ఇంట్లో పెద్ద పిల్లల్ని ఎవరు చూశారు, మేకల్ని ఎవరు కాశారు, వంట నచ్చిందా, వారంలోపే వెనక్కి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు అన్నవన్నీ. డోలీ ఇప్పటికీ వార్తల్లో కనబడుతూనే ఉంది. పక్క కొండ మీద ఇదే పని మొదలుపెట్టే అధికారికి చేతికి అందాల్సింది ఆ వివరాలు. అందేది ప్రారంభోత్సవం ఫొటో.

చివరి గడి: మార్పు ఎంతవరకు చేరింది. పోర్టల్ లెక్కలో ఇది నూరు శాతానికి దగ్గర. ఊళ్లో లెక్క వేరు. మందిర్ అంటే జనం ఏ దేవుడిదని అడుగుతారు. జ్వరం వస్తే ‘సబ్ సెంటర్‌కి’ పోతారు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ‘నర్సమ్మ దగ్గరికి’ పోతారు. పట్నం ఆస్పత్రి కౌంటర్ దగ్గర, గోడకు ఏ నాయకుడి బొమ్మ ఉన్నా, కిటికీలోంచి వచ్చే ప్రశ్న ‘ఆరోగ్యశ్రీ ఉందా?’ అనే.

తీసేసిన బోర్డును ఏం చేయాలో ఉత్తర్వుల్లో ఉండదు. ఇనుప రేకు, బరువుగా ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. వెనక గదిలో రెండు ఇటుకల మీద దాన్ని అడ్డంగా వేసి టీకాల డబ్బా పెట్టుకుంటారు. అక్షరాలు కిందికి ఉంటాయి. పైకి కనబడే వెనక వైపు ఇంకా ఏమీ రాయలేదు.