చిల్లర వేట

కిరాణా కొట్లో చిల్లర చేతికిస్తే ఎవరైనా లెక్క సరిపోయిందో లేదో చూసుకుంటారు. నేను నంబర్లు చూసుకుంటాను. ఒక్కో నోటునీ వెలుగుకేసి పట్టుకుని, కళ్లజోడు పైకి నెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదువుతుంటే కొట్టు పెద్దాయన మొహం మాడిపోతుంది. "ఏంటి సార్, దొంగనోటు ఇచ్చానంటారా? మా నాన్నగారి హయాం నుంచీ ఉంది ఈ కొట్టు" అంటాడు. ఆయన నిజాయితీ మీద నాకు ఇసుమంతైనా అనుమానం లేదు. నాలుగో అంకె ఏడు కాకుండా ఎనిమిదై ఉంటే బాగుండేదే అన్నదొక్కటే నా బాధ.

మన నోటు మీద ముందు అంకెలూ అక్షరాలూ కలిసి మూడుంటాయి, ఆ తర్వాత ఆరంకెల నంబరు. అంటే ఆ మూడూ మారేలోపు పది లక్షల నోట్లు. ఆ పది లక్షల్లో 111111, 222222 లాంటివి తొమ్మిదంటే తొమ్మిదే. 123456 ఒక్కటే. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే 274472 లాంటివి ఇంచుమించు వెయ్యికొకటి. చివర 786 వచ్చేవి కచ్చితంగా వెయ్యికొకటి. కొత్త పది రూపాయల నోట్లు వరస తప్పకుండా పది కట్టలు తెచ్చి విప్పితే అందులో ఒక 786 ఉండి తీరాలి. మరి మన చేతికి ఎందుకు రాదంటారా? కట్ట విప్పేవాళ్లకీ కళ్లుంటాయి కదండీ.

786కి ఉన్న గిరాకీ తెలిసిందే. బిస్మిల్లా వాక్యంలోని అరబ్బీ అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య అని ముస్లింలు పవిత్రంగా చూసుకుంటారు. వాళ్లే కాదు, తిరుపతి లడ్డూ ఎంత భక్తిగా కళ్లకద్దుకుంటారో అంతే భక్తిగా ఈ నోటునీ పర్సులో దాచుకునే హిందువులు నాకు తెలుసు. మనదేశంలో లౌకికవాదం ఇంకా ఎక్కడైనా క్షేమంగా ఉందంటే అది పర్సు లోపలి అరలోనే.

ఇక్కడే నాకు తెలుగు పౌరుషం పొడుచుకొచ్చింది. చివర 116 వచ్చే నోటు కూడా వెయ్యికొకటే కదా! పదహారు కలపందే వంద కూడా చేతికివ్వని జాతి మనది. పంతులుగారికి నూట పదహార్లు, పెళ్లికి వెయ్యి నూట పదహార్లు. అలాంటి 116కి ధర పలకదేం? హైదరాబాద్ వెళ్లినప్పుడు చార్మినార్ దగ్గర పేవ్‌మెంట్ మీద పాత నాణేలు, నోట్లు పరుచుకు కూర్చున్న ఆయన్ని అడిగాను. "116 ఉందా భాయ్?" ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అదేం నంబర్ సాబ్? 786 తీస్కోండి, మంచిగుంటది" అన్నాడు. 786లు ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో పెళ్లికూతురిలా ముస్తాబై ఉన్నాయి. 116 ఒకటి మామూలు నోట్ల గుట్టలో, పది రూపాయలకు పది రూపాయలుగా పడి ఉంది. రెండూ అంతే అరుదు, కానీ ఒకదాని వెనక మనుషులున్నారు, రెండోదాని వెనక నేనొక్కణ్నే ఉన్నాను. పది ఇచ్చి తెచ్చుకున్నాను.

నంబరొక్కటే కుదిరితే చాలదు, ఒళ్లు కూడా బాగుండాలి. ఒక్క మడత కూడా లేకుండా, ప్రెస్సులోంచి వచ్చింది వచ్చినట్టుంటేనే పూర్తి ధర. ఒక మడత పడితే ఒక మెట్టు కిందికి, మూల నలిగితే ఇంకో మెట్టు. ఈ లెక్కన మన ఆర్టీసీ కండక్టరు దేశంలోకెల్లా పెద్ద విధ్వంసకుడు. పదుల్ని నిలువునా మడిచి ఒక వేలి సందులో, ఇరవైల్ని ఇంకో సందులో, యాభైల్ని మరో సందులో ఇరికించుకుని, అదే చేత్తో కమ్మీ పట్టుకుని, అదే చేత్తో టిక్కెట్టు ఇస్తాడు. ఆ వేళ్ల మధ్య 123456 ఉన్నా నిలువు గీత పడిపోయాక దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. చేపల బజారు నోటును చూడక్కర్లేదు, జేబులో పెట్టుకుంటే అదే చెబుతుంది. ఇక మా ఆవిడ పోపుల డబ్బాలో దాచే నోట్లు నంబరు ఎంత గొప్పదైనా ఇంగువ వాసన వల్ల మంచి ధరకు ఆమడ దూరంలో ఆగిపోతాయి. అంచున పసుపు కూడా ఉంటుంది. శుభప్రదమే, ఇలాంటి నోట్లు కొనే డీలరు మాత్రం ఒప్పుకోడు.

మా బావమరిది దీనికో విరుగుడు కనిపెట్టాడు. మంచి నంబరున్న ఒక నలిగిన నోటును సబ్బునీళ్లలో ఝాడించి, ఆరేసి, ఇస్త్రీ చేశాడు. కాటన్ కాగితమే కదా, చొక్కాకి పనికొచ్చింది దీనికి పనికిరాదా అని వాడి వాదన. డీలరు నోటు అందుకుని వేలితో ఒకసారి టప్‌మనిపించి, భూతద్దమైనా తియ్యకుండా, "ఇస్త్రీకి ఎంతయింది?" అని అడిగాడు. నలిగిన నోటుకు నలిగిన ధరైనా ఉంటుంది, ఇస్త్రీ నోటుకు అదీ ఉండదు.

తర్వాత సంతకాలు. ఇది మరీ అన్యాయం. రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా మనవాళ్లు చేశారు. కడప జిల్లా వై.వి. రెడ్డిగారు 2003 నుంచి 2008 దాకా, ఏలూరువారు దువ్వూరి సుబ్బారావుగారు ఆ తర్వాత 2013 దాకా. పదేళ్లపాటు దేశంలో ప్రతి కొత్త నోటు మీదా తెలుగువాడి సంతకమే! కానీ ఆ నోట్లు కోట్లకు కోట్లు ఉన్నాయి కాబట్టి సంతకానికంటూ విడిగా విలువ కట్టేవాడు లేడు. 1985లో అమితావ్ ఘోష్ అనే ఆయన ఇరవై రోజులు మాత్రమే గవర్నరుగా ఉన్నారు. ఆయన సంతకంతో వచ్చిన పది రూపాయల నోటు కోసం నోట్లు సేకరించేవాళ్లు కళ్లు కాయలు కాచేలా వెతుకుతారు. ఉద్యోగంలో ఎంత తక్కువ కాలం ఉంటే సంతకానికి అంత ఎక్కువ విలువన్నమాట. నేను ముప్పై ఏళ్లు ఒకే సీట్లో కూర్చుని సంతకాలు పెట్టాను. నా సంతకం ధర ఎంతో మీరే ఊహించుకోండి.

మన్మోహన్ సింగ్‌గారిది ఇంకో ముచ్చట. రూపాయి నోటు రిజర్వు బ్యాంకుది కాదు, భారత ప్రభుత్వానిది, దాని మీద ఆర్థిక కార్యదర్శి సంతకం ఉంటుంది. ఆయన ముందు ఆ హోదాలో రూపాయి నోటు మీద, తర్వాత గవర్నరు హోదాలో పెద్ద నోట్ల మీద సంతకం పెట్టారు. ఆ రూపాయి నోటొకటి ప్లాస్టిక్ కవరులో ఎప్పుడూ నా పర్సులోనే ఉంటుంది. ఆధార్ కార్డు అడిగినా ముందు అదే తీసి చూపిస్తుంటానని మా ఆవిడ ఆరోపణ.

చుక్క నోట్ల సంగతి చెప్పకపోతే పాపం. అచ్చులో చెడిపోయిన నోటు స్థానంలో పెట్టే నోటుకు నంబరు ముందు ఒక నక్షత్రం వేస్తారు. 2006లో పది, ఇరవై, యాభై నోట్లతో మొదలైంది ఈ పద్ధతి. 2023లో ఎవరో నక్షత్రం నోట్లు దొంగవని ఫోన్లలో పుకారు లేపారు. చెల్లుతాయని రిజర్వు బ్యాంకే చెప్పాల్సొచ్చింది. ఆ రోజుల్లో మా సందు చివర కూరగాయలమ్మే మామ్మ, "ఈ సుక్క నోటు ఎవరూ తీసుకోట్లేదు బాబూ, నా కొంప ముంచారు" అని ఏడుపుమొహం పెట్టింది. "నేను తీసుకుంటాలే మామ్మా" అనేసరికి దణ్ణం పెట్టినంత పని చేసింది. మర్నాటికల్లా బజారులో ఉన్న చుక్క నోట్లన్నీ మామ్మ గోనెసంచి కింద చేరాయి. నా కోసం పోగుచేసి పెట్టిందట. అన్నీ కండక్టరు మడతలే.

మా బావమరిది ఇస్త్రీపెట్టె వదిలి ట్రాక్టర్ నోటు మీద పడ్డాడు. అయిదు రూపాయల నోటు వెనక ట్రాక్టరుంటే లక్షలిస్తారని ఒక వీడియో చూశాడట. కోట్లలో అచ్చయిన నోటురా అది అన్నా వినడు. కొనేవాడు ఫోన్లో దొరికాడు కూడా, రిజర్వు బ్యాంకు ముద్రతో కాగితం పంపించాడు. ముందు కొంచెం ఫీజు, ఆ పైన కొంచెం పన్ను కడితే చాలు, డబ్బు అకౌంట్లో పడిపోతుందట. ఇలా తమ పేరు వాడుకుని ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించిందని చూపించి ఆ ట్రాక్టర్ నోటు లాక్కున్నాను. అదీ నా పర్సులోకే చేరింది.

2016లో రద్దయిన అయిదు వందలు, వెయ్యి నోట్లు కూడా కొన్ని దాచాను. చట్టం ప్రకారం మామూలు మనిషి దగ్గర పదికి మించి ఉండకూడదు, అధ్యయనం కోసమో సేకరణ కోసమో అయితే 25 దాకా ఉండొచ్చు. ఇరవై అయిదు నోట్లు దాచుకునే పండితుణ్నని భారత ప్రభుత్వం ఒప్పుకుంటుంది. మా ఇంట్లోనే ఇంకా ఒప్పుకోలేదు.

మొన్న మా బావమరిది కూతురి పెళ్లి. కానుకగా ఏమివ్వాలా అని తర్జనభర్జన పడుతుంటే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. చార్మినార్ 116 తర్వాత నేను పట్టు వదల్లేదు. చివర 1116 వచ్చే కొత్త పది రూపాయల నోటు, ఒక్క మడత లేనిది, పది వేలకొకటి దొరికేది, సంపాదించి ఉంచాను. దాన్ని కవరులో పెట్టి చదివింపుల బల్ల దగ్గరికి వెళ్లాను. పుస్తకం రాసే పెద్దమనిషి కవరు విప్పి, ఊదాడు, లోపల ఇంకేమైనా అతుక్కుని ఉందేమోనని వేలు పెట్టి తడిమాడు.

"ఇందులో పదే ఉందండీ."

"నంబరు చూడండి. వెయ్యి నూట పదహార్లు. అలాగే రాయండి."

"రాయడానికేం, రాస్తాను. రాత్రి లెక్క తేలనప్పుడు పదకొండు వందల ఆరు రూపాయలు నా జేబులోంచి వెయ్యాల్సొస్తుంది."

వెనక వరసలో నిలబడ్డవాళ్లు దగ్గుతున్నారు. మా ఆవిడ ఎక్కణ్నుంచి వచ్చిందో వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రెండు అయిదు వందలు, ఒక వంద బల్ల మీద పెట్టింది. ఆరు రూపాయల చిల్లర లేదు. నా పర్సు లాక్కుని ట్రాక్టర్ నోటు తీసింది. ప్లాస్టిక్ కవరు చింపి రూపాయి నోటు తీసింది. పెద్దమనిషి సంతోషంగా అన్నీ కలిపి, మన్మోహన్ సింగ్‌గారి సంతకాన్ని నిలువునా మడిచి రబ్బరు బ్యాండు కింద దోపి, "తర్వాతెవరండీ?" అన్నాడు.