ట్రక్కు చక్రానికి సీసం ముక్క

ఖమ్మంలో బయల్దేరి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కణ్నుంచి పాల్వంచ దాటి భద్రాచలం చేరేలోగా ట్రాక్టరు ట్రక్కు ఎదురవని ఊరు ఉండదు. సంక్రాంతి వెళ్లాక ఆ ట్రక్కుల్లో తేజ రకం మిర్చి బస్తాలు ఖమ్మం మార్కెట్టుకు పోతుంటాయి. జామాయిల్, సుబాబుల్ మొద్దులు సారపాక కాగితం మిల్లు దారి పడతాయి. పామాయిల్ గెలలు అశ్వారావుపేట వైపు తిరుగుతాయి. చైత్రమాసం వచ్చిందంటే మాత్రం అదే ట్రక్కుకు హోదా పెరుగుతుంది. దాన్ని కడిగి, గడ్డి పరిచి, పైన పరదా కట్టి, బియ్యం మూట, బిందె, గ్యాసు పొయ్యి, ఇంకా మంచం పట్టని నాయనమ్మ, ఆమె మందుల సంచీ అన్నీ ఎక్కించి భద్రాద్రి రాముడి పెళ్లికి బయల్దేరతారు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి ఇదే పటాలం మణుగూరు, ఏటూరునాగారం అడవి దారిలో మేడారం జాతరకు కదులుతుంది.

అమెరికావాళ్లు కారు వెనక తగిలించుకుని తిరిగే ఇంటిని ట్రావెల్ ట్రైలర్ అంటారు. అందులో మంచం, ఫ్రిజ్జు, స్నానాల గది ఉంటాయి. మన ట్రక్కులో స్నానాల గది ఉండదు, గోదావరి ఉంటుంది.

చట్టం సంగతి మొదటే చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టరు వేరు, ట్రక్కు వేరు. దేని రిజిస్ట్రేషన్ దానిదే. పంట మోసే ఆ ట్రక్కులో మనుషులు ఎక్కకూడదు. ఈ ముక్క అందరికీ తెలుసు. పోలీసులు కనబడినప్పుడు మరీ బాగా తెలుస్తుంది.

జూలూరుపాడు దగ్గర ఒక పెద్దాయనకు ఇలాంటి రెండు చక్రాల ట్రక్కు ఉంది. దానికి ఎడమ పక్క చక్రం ఒకప్పుడు లారీకి సేవ చేసి రిటైరైన నైలాన్ టైరు. కుడి పక్కది రీబటన్ వేయించిన టైరు. రెండింటికీ కంపెనీ కలవదు, వయసు కలవదు, ఎత్తు కూడా వేలెడు తేడా. అయినా చాలా సంసారాల్లాగే బండి నడుస్తోంది. ఈ కాపురంలో వేలు పెట్టడానికి టెక్సస్ నుంచి మేనల్లుడు దిగాడు.

ఆ అబ్బాయికి డల్లాస్‌లో ట్రావెల్ ట్రైలర్ ఉంది. సెలవులొస్తే దాన్ని తగిలించుకుని కొలరాడో దాకా పోయొస్తాడు. కాబట్టి టైర్ల విషయంలో అతను మాట్లాడతాడు, మిగతావాళ్లు వినాలి. ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, కుడి చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

“మామయ్యా, వీటికి బ్యాలెన్సింగ్ ఎప్పుడు చేయించావు?”

“చక్రాలకా? పొద్దున లేస్తే బ్యాంకు బ్యాలెన్సే కుదరట్లేదు, చక్రాలకేందిరా?”

అల్లుడు నవ్వలేదు. టైరు పక్కన మట్టి గీకి, చివర ఉన్న నాలుగంకెలు చదివాడు. 2214. పెద్దాయన గర్వంగా చెప్పాడు: “అది మోసే బరువు. రెండువేల రెండొందల పద్నాలుగు కిలోలు. అమ్మినాయన మరీ మరీ చెప్పి ఇచ్చాడు.”

అది బరువు కాదు, పుట్టిన తేదీ. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అంటే 2014లో ఇరవై రెండో వారం. 2000 సంవత్సరం నుంచి టైర్ల మీద ఈ నాలుగంకెల పద్ధతే నడుస్తోంది. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ ఏడాదిలో పది నెలలు ఇంటి ముందు ఎండలో నిలబడి ఉంటుంది గనక దాని టైర్లు అరిగి చావవు, ముసలివై చస్తాయి. బటన్లు కొత్తగానే కనబడతాయి, పక్కగోడలు మాత్రం నెర్రెలిస్తాయి. అక్కడ అయిదారేళ్లకే వాటిని మార్చేయమంటారు. జూలూరుపాడులో ఆ వయసు టైరుకు పెళ్లీడు.

బరువు రాసేది వేరే చోట. లోడ్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 121 అని ఉంటే 1450 కిలోలు. దాని పక్కనున్న అక్షరం వేగం చెబుతుంది. ట్రాక్టరు టైరు మీద ఏ8 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లే దాని హద్దు. అమెరికాలో ట్రైలర్ల కోసమే చేసే టైర్ల మీద ఎస్టీ అని ఉంటుంది. వాటి పక్కగోడలు గట్టిగా ఉంటాయి. వేరే అక్షరం లేకపోతే వాటిని గంటకు 105 కిలోమీటర్లు దాటించకూడదన్నది అక్కడ పాత లెక్క. ఇక 16 పీఆర్ అన్నది చూసి మనవాళ్లు లోపల పదహారు పొరలున్నాయని మురిసిపోతారు. అన్ని ఉండవు. నూలు గుడ్డతో టైర్లు చేసిన కాలంలో అంత బలానికి పదహారు పొరలు కావాల్సి వచ్చేది. నైలాన్ వచ్చాక తక్కువ పొరలతోనే ఆ బలం వస్తోంది. పొరలు పోయినా పాత లెక్క అలాగే ఉండిపోయింది.

మొత్తానికి అల్లుడు పట్టు పట్టి, రెండు చక్రాలూ విప్పించి, ఆటోలో వేసుకుని కొత్తగూడెం టైర్ల షాపుకు తీసుకెళ్లాడు. అక్కడ మెషీను మీద రోజంతా కార్ల చక్రాలు తిప్పే కుర్రాడు ఈ రెండింటినీ చూసి కాసేపు మాట్లాడలేదు.

“సార్, ఇది ఏ కారుది?”

“కారు కాదు తమ్ముడూ, ట్రక్కుది.”

“ట్రక్కు ఎంత స్పీడు పోతుంది సార్?”

పెద్దాయన కలగజేసుకున్నాడు. “ఖాళీగా ఉంటే పాతిక. ఎర్ర మట్టి గుట్ట ఎక్కేటప్పుడైతే నడిచి పోయేవాడు మాతో మాట్లాడుకుంటూ వస్తాడు.”

ఆ కుర్రాడు మెషీన్ని ముట్టుకోకుండానే సమాధానం చెప్పాడు గానీ, అల్లుడికి అందులో శాస్త్రం కావాలి. శాస్త్రం ఇదీ. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే, తిరిగేటప్పుడు అది బయటికి లాగుతుంది. అవతలి పక్క సీసం ముక్క కొట్టి దాన్ని సరిచేయడమే బ్యాలెన్సింగ్. ఆ లాగుడు వేగంతో సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ట్రక్కులకు వాడే 9.00-16 సైజు చక్రం మీద ఇరుసుకు జానెడు దూరంలో 100 గ్రాములు ఎక్కువుందనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో అది అర కిలో బరువంత లాగుతుంది. అదే 100 కిలోమీటర్ల వేగంలో పదహారు రెట్లు, అంటే ఎనిమిది కిలోల పైచిలుకు, సెకనుకు పది సార్లు పైకీ కిందికీ గుంజుతుంది. డల్లాస్ హైవే మీద ఆ దెబ్బకు బేరింగులు పాడవుతాయి, లోపల ఫ్రిజ్జు తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. జూలూరుపాడు ట్రక్కులో ఆ అర కిలో ఎవరికీ తెలియదు. అమెరికాలో కూడా ట్రైలర్ చక్రాలకు బ్యాలెన్సింగ్ అక్కర్లేదనే పక్షం ఒకటుంది. చాలా ట్రైలర్లు అది లేకుండానే షోరూము గడప దాటుతాయి.

ఇంకో సంగతి. సీసం ముక్కలు కొట్టి పది గ్రాముల తేడా లేకుండా సరిచేసిన చక్రాన్ని వానాకాలం నల్లరేగడిలోకి దింపితే, గట్టు దాటేసరికి దానికి అడ్డదిడ్డంగా కిలోల కొద్దీ మట్టి పట్టుకుంటుంది. పైగా పెద్దాయన కుడి టైరులో, కోసుకుపోయిన చోట, పాత టైరు ముక్క ఒకటి అడ్డం పెట్టి ఉంది. దానికి పోటీగా అవతలి పక్క సీసం పెట్టాలంటే షాపులో సరుకు చాలదు. యూరప్‌లో అయితే 2005 నుంచి కార్లకు సీసం ముక్కలే నిషేధం. జింకు, ఉక్కు ముక్కలు వాడుతున్నారు.

“సరే, బ్యాలెన్సింగ్ వద్దు. కనీసం రేడియల్ టైర్లు వేద్దాం,” అన్నాడు అల్లుడు. ఇక్కడ పెద్దాయన మొదటిసారి నిజంగా నోరు తెరిచాడు. జామాయిల్ నరికిన తోటలో ఏటవాలుగా కోసిన మోళ్లు ఉంటాయి. పోడు పొలంలో వెదురు మొదళ్లు ఉంటాయి. అవి గుచ్చుకునేది బటన్ల మీద కాదు, పక్కగోడలో. రేడియల్ టైరు పక్కగోడ పల్చన. నైలాన్ టైరు పక్కగోడ మందం, దెబ్బకు ఆగుతుంది. దానికీ ఒక జబ్బుంది. మిల్లు ముందు లైన్లో లోడుతో రాత్రంతా నిలబడితే నేలకు ఆనిన చోట చదునైపోతుంది. పొద్దున బండి కదిలాక మొదటి రెండు మూడు కిలోమీటర్లు ఎగిరెగిరి పడి, వేడెక్కాక మళ్లీ గుండ్రంగా అవుతుంది. ఈ ఎగురుడు చూసే కొందరు చక్రం వంకరపోయిందని మెకానిక్కు దగ్గరికి పరిగెత్తుతారు. టీ తాగి వెళ్లినా సరిపోతుంది.

అల్లుడు ఓడిపోయాడు. అయితే గాలి విషయంలో గెలిచాడు, అదీ ఘనంగా. ఈ అడవి అంచున ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. టైరు పేలుతుందని ఎండాకాలం గాలి తగ్గించి నడపడం ఇక్కడ తాతల నాటి ఆచారం. గాలి ఉందా లేదా చూసే పద్ధతి కూడా పురాతనమే. కాలితో తన్నడం, లేదా సుత్తితో కొట్టి చప్పుడు వినడం. పెద్దాయన చెవి మీద ఆయనకు అపారమైన నమ్మకం.

నిజానికి గాలి తగ్గిస్తే టైరు ఎక్కువగా నలుగుతుంది. ప్రతి చుట్టుకూ పక్కగోడ వంగి లేస్తుంది. ఆ వంగుడుకే వేడి పుడుతుంది, ఆ వేడికే పొరలు ఊడతాయి. పొద్దున పాతిక డిగ్రీల చల్లదనంలో 50 పౌన్లు పట్టించిన టైరులో మధ్యాహ్నం 45 డిగ్రీలకు పెరిగేది నాలుగు పౌన్ల చిల్లర. రోడ్డు మీద నడిచిన వేడికి ఇంకొంత పెరుగుతుంది. టైరు చేసినవాళ్లు దాన్ని ముందే లెక్కలో వేసుకున్నారు. పేలిన టైర్లను ఎండే చంపిందంటారు గానీ, చాలావాటిని చంపింది తక్కువ గాలి, ఎక్కువ లోడు. కాబట్టి గాలి కొలవాల్సింది తెల్లవారుజామున, బండి కదలకముందు, గేజీతో. వేడి టైరులో గాలి వదలకూడదు. గేజీ ధర ఒక పంక్చరు ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్దాయన కొన్నాడు. సుత్తి మాత్రం ట్రాక్టరు సీటు కింద అలాగే ఉంది, రెండో అభిప్రాయం కోసం.

టైరు చరిత్రలో కూడా మనవాళ్ల ఎద్దులకు భాగం ఉంది. గాలి చక్రానికి 1845లో రాబర్ట్ థామ్సన్ పేటెంటు తీసుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెడితే లోకం పట్టించుకుంది. ఆయన పేరుతో 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత పల్లెల్లో, ఇనుప పట్టా కాల్చి తొడిగిన కర్ర చక్రాల బండ్ల పక్కన టైర్ల ఎద్దుబండ్లు తిరగడం మొదలైంది. రాజస్థాన్‌లో అయితే ఒంటె బండ్లకు విమానాల పాత టైర్లు వేస్తారు. ఇప్పుడు ఖండాంతరాల ట్రాక్టర్లకు టైర్లు చేసే యోకొహామా వారి కర్మాగారం విశాఖ దగ్గర అచ్యుతాపురంలో 2022 నుంచి నడుస్తోంది. ఎక్కడో విదేశీ పొలంలో తిరిగే చక్రం మీద మన సముద్రపు గాలి ఉండొచ్చు.

చివరికి ఇద్దరికీ మాట కలిసింది టైరు దగ్గర కాదు, లోడు దగ్గర. ట్రావెల్ ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద పడాలని డల్లాస్‌లో చెబుతారు. అంతకు తగ్గితే ట్రైలర్ వెనక తోక ఊపుతుంది. “అదా?” అన్నాడు పెద్దాయన. “మొద్దులన్నీ వెనక్కి వేస్తే కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకు వేస్తే గుట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. ఇరుసుకు కొంచెం ముందుకు వెయ్యాలి. ఇది చెప్పడానికి అమెరికా పోయావురా అల్లుడూ?”

ట్రక్కుకు ఇప్పుడు రెండు పక్కలా ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే ఏడాది నైలాన్ టైర్లు ఉన్నాయి. సీసం ముక్క ఒక్కటీ లేదు. ఇదే సరైన తీర్పు: పాతిక వేగం బండికి బ్యాలెన్సింగ్ డబ్బు దండగ, జత కలవని టైర్లు అంతకంటే పెద్ద దండగ.

శ్రీరామనవమికో, మేడారానికో ట్రక్కు కడిగేవాళ్లకు ఒక మనవి. బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరుతో రోడ్డెక్కడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి ముందు అది చూసుకోండి. నట్లు బిగించి, ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించండి. సామాను ట్రక్కులో పంపండి, మనుషులు బస్సెక్కండి. భద్రాచలానికీ మేడారానికీ ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది.