ఆయకట్టు చివరి మీట

కొత్త కీబోర్డు కొన్నాను. ఎడమ పక్కన అయిదు అదనపు మీటలు. వాటికి ఏ పని కావాలంటే ఆ పని అప్పజెప్పుకోవచ్చని పెట్టె మీద రాశారు. అప్పజెప్పే సాఫ్ట్‌వేరు మాత్రం విండోస్‌కే. నాదేమో లినక్స్. కడపలో లినక్స్ భక్తులకేం కొదవ? తెలిసిన తమ్ముణ్ణి అడిగాను.

"దానికేముంది నా, ఒక్క ఫైలు మారిస్తే సాలు!"

ఇలాంటి భరోసాలు మన సీమకు కొత్త కాదు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వింది. పొలాలు పండుతాయి, పడవలూ తిరుగుతాయి అన్న లెక్కతో. చివరికి 1882లో సర్కారే దాన్ని కొనుక్కుంది. అదే మన కె.సి. కెనాల్. నేటికీ కాలువ మొదట్లోని సుంకేసులలో నీళ్లు వదిలారని పేపర్లో చదివి, దాని చివరి ఆయకట్టు రైతు నారు పోస్తాడా?

నా మీటదీ అదే గతి. వేలితో నొక్కగానే లినక్స్ గుండెకాయ కెర్నల్ 656 అని నంబరు వేసింది. మాక్రో మీటల కోసమే కేటాయించిన నంబరది. ఎంత మర్యాద! కిందికి వస్తే, మీట నొక్కుళ్లను తెర మీది కిటికీలకు అందించే ఎక్స్11 తూము. 1987 నాటిది. 255 దాటిన నంబరేదీ అందులో పట్టదు. పైగా కెర్నల్ ఇచ్చినదానికి ఇంకో 8 కలిపి లెక్కేస్తుంది. 664 వచ్చి తూము దగ్గర నిలబడిపోయింది. కాదన్న జవాబైనా లేదు.

"ఎక్స్11 బదులు వచ్చిన వేలాండ్‌లో ఆ అడ్డు లేదు నా, దానికి మారిపో" అన్నాడు తమ్ముడు. కాలువకు నీళ్లు రాలేదంటే ఊరు మారమన్నట్టుంది.

పోనీ, మీట పేరు ఎఫ్13గా మార్చమన్నాడు. ఆ ఒక్క ఫైలు ఇదేనట. రూటు హోదాలో, పరికరాల లెక్క చూసే యూడెవ్‌కు అర్జీ పెట్టాలి. పై వరుసలో కీబోర్డు తయారీదారు నంబరు, మోడల్ నంబరు. కింది వరుసలో మీట స్కాన్‌కోడ్. ఆ వరుస ముందు ఒక్క ఖాళీ వదలాలి. వదలకపోతే అర్జీ చెల్లదు. మార్జిన్ గీయలేదని కాగితం తిప్పికొట్టే గుమాస్తాలు మన ఆఫీసుల్లోనే ఉన్నారనుకున్నాను.

మూడో రాత్రికి ఎఫ్13 ప్రాణం పోసుకుంది. నొక్కితే సెట్టింగ్స్ కిటికీ తెరుచుకుంది! ఎక్స్ పట్టికలో ఎఫ్13కు ఎవరో ఎప్పుడో 'టూల్స్' అని పేరు పెట్టేశారట. దాన్ని విడిపించడానికి ఇంకో ఫైలు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నీళ్లు ఏ తూము దగ్గర ఆగాయో లినక్స్‌లో నడిచి వెళ్లి చూడగలిగాను. కీబోర్డు కంపెనీ ఆ గట్టు మీదికే రానివ్వలేదు. నా తగువల్లా భక్తులతోనే. వారాల తరబడి నిద్ర కాచి నేర్చుకున్నదాన్ని చిటికెలో పని అంటారు. వాళ్ల లెక్కలో అది వినయం. వినేవాడి చెవికి మాత్రం 'నీకు ఇదీ రాదా' అన్నట్టే ఉంటుంది.

నాలుగో రోజు మొదటి మీట పని చేసింది. కాపీ చేయడానికి పెట్టుకున్నాను.

"తక్కిన నాలుగూ ఎప్పుడు నా?" అన్నాడు తమ్ముడు.

"వచ్చే ఖరీఫ్‌కు చూద్దాం లేప్పా."