‘రేపటి నుంచి నేను పొద్దున్నే లేస్తాను’: టీకా తాత్పర్య సహితం

మూలం: రేపటి నుంచి నేను పొద్దున్నే లేస్తాను.

ప్రతిపదార్థం: రేపటి నుంచి = ఈ రోజు తప్ప తక్కిన ఏ రోజు నుంచైనా; నేను = ఈ మాట అంటున్నవాడను (లేవవలసినవాడు వేరొకడు); పొద్దున్నే = నిద్ర మిక్కిలి తియ్యగా ఉండు వేళ; లేస్తాను = మంచము దిగుదును. తాత్పర్యం: ఇప్పటికి పడుకోనివ్వండి.

ఈ వాక్యం రాసినవారెవరో తెలియదు. ఇది తాటాకుల మీద దొరికింది కాదు. రాత్రి పదకొండు దాటాక, లైటు ఆర్పాక, చేతిలో ఫోను వెలుగుతుండగా ఇంటింటా పుట్టే మౌఖిక వాఙ్మయం. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చాడు. ఆ మాటలో రెండో సగం మనబోటివారికి కష్టం, మొదటి సగమైనా పాటిద్దాం. సంకల్పం నిలబడనప్పుడు మనిషిని తిట్టడం లోకంలో ఆచారం: బద్ధకస్తుడు, పట్టుదల లేదు, మాట మీద నిలబడడు. ఈ వ్యాఖ్య రాస్తున్నవాడి మతం వేరు. దోషం చెప్పినవాడిలో లేదు, చెప్పిన వాక్యంలో ఉంది. ఇందులో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, అధికరణం లేదు. ఎక్కడ, దేని వెంట, ఏం జరగగానే అన్నది చెప్పకుండా క్రియను గాలిలో వేలాడదీశారు. ‘పొద్దున్నే’ అన్నది కాలాధికరణమే కదా అని వ్యాకరణం చదివినవారు ఆక్షేపిస్తారు. కాదనం. కాని ఆ కాలం వచ్చేసరికి కర్త గుర్రు పెడుతూ ఉంటాడు. కర్తకు తెలియకుండా వచ్చిపోయే అధికరణం వ్యాకరణానికి చాలుతుంది, అలవాటుకు చాలదు. అలారం పెట్టుకుంటాడు కదా అంటారా, అది ఉన్నది దిండు పక్కన. దాన్ని నొక్కి అటు తిరిగి పడుకోవడమే ఆ చోట ఇదివరకే స్థిరపడ్డ అలవాటు.

ఇక పాఠాంతరాలు. ‘రేపటి నుంచి’ అన్నచోట ‘సోమవారం నుంచి’, ‘ఒకటో తారీకు నుంచి’, ‘ఉగాది నుంచి’, ‘పిల్లల పరీక్షలు అయ్యాక’ అని కూడా వినబడతాయి. ఇవి వక్తల చాపల్యం కాదు, వీటి వెనక ఒక మనోధర్మం ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన హెంగ్చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో ఒళ్ళు తగ్గించుకునే మార్గాల కోసం గూగుల్‌లో వెతకడం, జిమ్ముకు వెళ్ళడం పెరుగుతున్నాయని తేలింది. కొత్త తేదీ పాత ‘నేను’కు సెలవిచ్చి పంపేస్తుంది, పోయిన వారం లేవలేకపోయినవాడు మనం కాదనిపిస్తుంది. మొదలుపెట్టడానికి ఇది మంచి ఊతం. నిలబెట్టడం తేదీ పని కాదు. భర్తృహరి మనుషులను మూడు రకాలు చేశాడు: అడ్డంకులకు జడిసి మొదలే పెట్టనివారు, అడ్డు తగలగానే వదిలేసేవారు, ఎన్ని అడ్డులొచ్చినా వదలనివారు. ఆయన కాలంలో గోడ మీద క్యాలెండరు లేదు గనక ప్రతి సోమవారం మొదలుపెట్టే నాలుగో రకం ఆయన దృష్టికి రాలేదు.

‘నేను’ అన్న పదం దగ్గర కొంచెం ఆగాలి, వాక్యంలో బరువంతా దాని మీదే వేశారు. మనస్తత్వవేత్త వెండీ వుడ్, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థుల చేత, గంటగంటకూ అడిగి, ఆ క్షణాన ఏం చేస్తున్నారో ఏం ఆలోచిస్తున్నారో రాయించారు. చేసే పనుల్లో సుమారు 43 శాతం దాదాపు రోజూ, అదే చోట, తరచు మనసు మరెక్కడో ఉండగా జరిగేవే. అంటే రోజులో సగానికి కాస్త తక్కువ భాగం ‘నేను’ ప్రమేయం లేకుండా నడిచిపోతోంది. 2011లో వచ్చిన మరో పరిశోధన ఇంకా చిత్రమైనది. సినిమా హాలుకు వచ్చినవారిలో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల కిందటి మెత్తబడ్డ పాప్‌కార్న్ ఇచ్చారు. సినిమాలో పాప్‌కార్న్ తినే అలవాటు గట్టిగా ఉన్నవారు బాగాలేదని నాలుకకు తెలుస్తున్నా తాజాది ఎంత తిన్నారో పాసిందీ అంతే తిన్నారు. అలాంటి అలవాటే ఉన్న మరికొందరిని మామూలు గదిలో కూర్చోబెడితే ఆ పని జరగలేదు. హాల్లోనే ఎడమచేత్తో తినమంటే పాసింది తినడం తగ్గింది. తిన్నది మనిషే, తినిపించింది మాత్రం చీకటి హాలు, కుడిచెయ్యి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదు’ అనే లోకోక్తిని పూర్వపక్షంగా తెచ్చేవారున్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అయితే గది మారగానే, చెయ్యి మారగానే ఎలా సడలింది?

ఇంతకంటె దగ్గరి సాక్ష్యం మన వీధుల్లోనే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్లబట్టల్లో తిరుగుతూ ఉంటుంది. అయ్యప్ప దీక్ష మండలకాలం, 41 రోజులు. ఏడింటికి కూడా లేవనివాడు మాల వేసుకున్నాక తెల్లవారుజామున లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు, చెప్పులు విడిచి నడుస్తాడు, నేల మీద పడుకుంటాడు, సిగరెట్టు, మందు, మాంసం ముట్టడు. ముందు నెల డాక్టరు చెప్పినా, ఇల్లాలు ఏడ్చినా మాననివాడే ఇతను. పట్టుదల ఉన్నపళాన ఎక్కడినుంచి ఊడిపడింది? చుట్టూ ఏం మారిందో చూడండి. మెడలో మాల ఉంది, బట్ట రంగు మారింది. కట్టుకున్న భార్య దగ్గర్నుంచి కిరాణా కొట్టువాడి దాకా ‘స్వామీ’ అని పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ వ్రతం గుర్తుకొస్తుంది. భిక్షకు వేళ ఉంది, పొద్దున్నే పూజకు తోటిస్వాములు ఎదురుచూస్తారు, సాయంత్రం భజన ఉంది, తప్పటడుగు వేస్తే అడగడానికి గురుస్వామి ఉన్నాడు. బారు వైపు అడుగు పడితే బారువాడే ‘ఏంటి స్వామీ’ అంటాడు. సంకల్పవాక్యంలో లోపించిన అధికరణాలన్నీ దీక్షలో ఒక్కసారిగా దిగుతాయి. కొండకు వెళ్ళొచ్చి మాల తీశాక చాలామంది పాతదారికి వస్తారు. అందరూ అనను, ఆ 41 రోజులతో తాగుడుకు శాశ్వతంగా స్వస్తి చెప్పినవారూ ఉన్నారు. కాని తిరిగి వచ్చేవారి సంఖ్య తక్కువ కాదని తెలియని వీధి లేదు.

దైవభక్తిని పరిసరాల కింద జమకట్టడం అన్యాయం అని ఇక్కడ గట్టి ఆక్షేపణ వస్తుంది. లేపింది స్వామి మీద భక్తి, కాదంటే భయం; మాల, నల్లబట్ట దానికి గుర్తులు మాత్రమే అంటారు. గౌరవించదగ్గ వాదమే. అయితే మాల తీసిన మర్నాడు భక్తి పోయిందా? పోలేదు. పటానికి దండం పెడుతూనే ఉన్నాడు, వచ్చే ఏడు మళ్ళీ వేసుకుంటానని మొక్కుతూనే ఉన్నాడు. భక్తి నిలిచి ఉండగా అలవాటు జారిపోయిందంటే, ఆ అలవాటును రోజురోజుకూ పట్టి నిలిపిన బలం భక్తి ఒక్కటే కాదని ఒప్పుకోవాలి. దీనికి తిరగేసిన ఉదాహరణ ఉంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికులను, వారు ఇంటికి వచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెన్నంటి పరిశీలించింది. మూడేళ్ళలో కొద్దికాలానికైనా మళ్ళీ దానికి చిక్కినవారు 12 శాతమే. వాళ్ళేమీ దీక్ష పట్టలేదు. మత్తు దొరికిన చోటు, కలిసి పుచ్చుకున్న సావాసం, భయం, విసుగు అన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి. మన స్వామి పాత చోటుకే తిరిగి వచ్చాడు, సైనికుడు రాలేదు. తేడా అదే. కాబట్టి మూలాన్ని సవరించాలంటే కర్తను మెత్తగానో గట్టిగానో తిట్టి లాభం లేదు, అధికరణం చేర్చాలి. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్సర్ 1999లో ఈ సవరణనే వివరించాడు: ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను అని ముందే ముడివేసుకున్నవారు ఉత్త సంకల్పం చేసినవారికంటె ఎక్కువగా పని జరిపించుకుంటారు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను పోగుచేసి చూసినా అదే తేలింది. సవరించిన పాఠం ఇలా ఉంటుంది: ‘రాత్రి అన్నం తిన్న కంచం కడగగానే ఫోను హాల్లో ఛార్జింగుకు పెడతాను.’ ఇందులో పొద్దున లేవడం ఊసే లేదు. అక్కర్లేదు కూడా, అలారం హాల్లో మోగితే దాన్ని ఆపడానికే మంచం దిగాలి.

‘లేస్తాను’ దగ్గర తెలుగు క్రియ మనకొక సౌకర్యం చేసిపెట్టింది. ఈ రూపం రేపు చేయబోయేదానికీ చెల్లుతుంది, రోజూ చేసేదానికీ చెల్లుతుంది. వ్యాకరణంలో మొదటిది భవిష్యత్తు, రెండోది తద్ధర్మం. రాత్రి అన్న ‘లేస్తాను’ భవిష్యత్తు. ఆర్నెల్ల తరవాత ఎవరైనా అడిగితే మామూలుగా చెప్పే ‘లేస్తాను’ తద్ధర్మం. ఒకదాని నుంచి రెండోదానికి ఎన్నాళ్ళు పడుతుంది? 21 రోజులు అన్న మాట లోకంలో బాగా వ్యాపించింది. దాని మూలం వెతికితే మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం దగ్గర ఆగుతుంది. శస్త్రచికిత్స అయినవారికి తమ కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ‘కనీసం’ను చేతులు మారేకొద్దీ జనం జారవిడిచారు, మొహాన్నీ జారవిడిచారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి 2009లో వెల్లడించిన లెక్క ప్రకారం నడిమి విలువ 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మంచినీళ్ళు తాగడం లాంటివి తొందరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా కుదిరాయి. మండలం 41 రోజులే కాబట్టి మాల తీసేనాటికి చాలామందిలో అలవాటు ఇంకా పచ్చిగానే ఉంటుందని కూడా ఇందులోంచి ఊహించవచ్చు. మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో, కొత్త అలవాటు పాతుకునేదాకా ఒక్క మినహాయింపైనా ఇవ్వకూడదన్నాడు. మహానుభావుడే గాని ఈ విషయంలో కాస్త కఠినుడు. లాలీ లెక్కలో ఒకరోజు తప్పితే అలవాటు ఏర్పడే తీరు పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన ఆ రోజును పట్టుకుని మొత్తం వ్రతం చెడిందని వదిలేయడమే అసలు నష్టం.

మూలంలో లేనిమాట, వ్యాఖ్యాత అధ్యాహారం చేసుకోవలసింది ఒకటుంది: ‘సుఖంగా ఉండడానికి’. లేచి కోడికంటె ముందు కూయడం ఎవరికీ ప్రయోజనం కాదు. లేస్తే జీవితం, ఉద్యోగం కుదుటపడతాయన్న ఆశే ప్రయోజనం. ఇక్కడ గట్టి చిక్కు ఉంది. అలవాటు అయిపోయినదాన్ని మనసు పట్టించుకోదు. పట్టించుకోనిది సుఖం ఎలా ఇస్తుంది? 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీ తగిలినవారిని పరిశీలిస్తే, లాటరీ తగలనివారికంటె వారి సంతోషం చెప్పుకోదగ్గంత ఎక్కువ లేదు; పైగా కబుర్లు, టిఫిను లాంటి మామూలు సుఖాలు వారికి తక్కువ రుచించాయి. లాటరీకే అలవాటుపడే మనిషి పొద్దున నడకకు అలవాటుపడడా? పడతాడు. వుడ్ పరిశోధనలోనూ అలవాటైన పనులు చేసేటప్పుడు ఉద్వేగాలు మందంగానే ఉన్నాయి. అయితే ఒత్తిడి కూడా తక్కువే. అలవాటు తెచ్చే సుఖం పండగ జాతి సుఖం కాదు, బాకీ తీరిన జాతి సుఖం. లేవాలా వద్దా, ఇంకో ఐదు నిమిషాలా అని తనతో తాను రోజూ పడే పేచీ ఆగిపోతుంది. ఆగిన సంగతి కూడా తెలియదు, ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. పొద్దున్నే లేస్తే బతుకు వెలిగిపోతుందని వీడియోల్లో చెప్పేవారు ఈ చిన్న సుఖాన్ని పెద్దది చేసి అమ్ముతున్నారు.

చివరి ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది. చాలా ఊళ్ళలో మున్సిపాలిటీ కుళాయి తెల్లవారుజామునే వస్తుంది. దాని కోసం ఏ సంకల్పమూ లేకుండా ఏళ్ళ తరబడి లేస్తున్న ఆడవాళ్ళున్నారు. వారి అలవాటుకు అధికరణం దివ్యంగా కుదిరింది, సుఖం మాత్రం కుదరలేదు. ఈ వాదానికి పూర్తి సమాధానం లేదు. చోటు అలవాటును చేస్తుంది నిజమే, ఆ చోటును ఎవరు అమర్చారన్నది సుఖాన్ని తేలుస్తుంది. మాదాపూర్‌లో అమెరికా క్లయింటు వేళల ప్రకారం రాత్రి పదకొండింటికి కాల్‌లో కూర్చునేవాడికి పొద్దున్నే లేవమని చెప్పడం శాస్త్రం కాదు, వెక్కిరింత. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కోస్తాదిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో ప్రచురించిన పరీక్షలో 124 మందిని ఒక వారం రోజుకు మూడుసార్లే ఈమెయిలు చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూసుకోమన్నారు. మూడుసార్ల వారంలో ఒత్తిడి తగ్గింది. ఫలితం బాగుంది, కాని మూడుసార్లే చూస్తానని ఉద్యోగి ఒక్కడే అనుకుంటే సరిపోదు. నాలుగోసారి చూడనందుకు ఎవరూ సంజాయిషీ అడగకూడదు. ఆఫీసు వాట్సాప్ గ్రూపుకు వర్తించే పాఠం ఇలా ఉండాలి: ‘రాత్రి తొమ్మిది దాటాక గ్రూపులో ఏమీ పెట్టను, అంత అవసరమైతే ఫోను చేస్తాను.’ దీనికి కర్త మేనేజరుగారు. వ్యాఖ్య రాయడానికి సిద్ధంగానే ఉన్నాం గాని, మూలం ఇంకా ఎక్కడా దొరకలేదు.