పదమూడోవాడు

మా కాలేజీలో మగపిల్లలు మూడొందలమంది. అందులో ఆటలాడేవాళ్ళు ఎనిమిదిమంది. తక్కినవాళ్ళు గట్టుమీద కూర్చుని సలహాలిస్తారు. కబడ్డీ పోటీలని నోటీసు పెడితే ఈ ఎనిమిదిమందే వస్తారు. వాలీబాల్ అని పెట్టినా వీళ్ళే వస్తారు, బనియన్లు మార్చుకుని. ఖోఖోకి తొమ్మిదిమంది కావాలి కాబట్టి ఆ రోజు మా ఫిజికల్ డైరెక్టర్ పీడీగారు లైబ్రరీలో నిద్రపోతున్న ఒకణ్ణి లేపి నిక్కరు తొడిగిస్తారు.

ఈ ఎనిమిదిమందిలో ఒకడు మాత్రం ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. పేరు వేరు, ఊరు వేరు, మనిషి వాడే. ఎడమ మోకాలికి నీక్యాప్, కుడిచేతి రెండువేళ్ళకీ కలిపి చుట్టిన తెల్ల టేపు, భుజాన రెండు సంచులు. అయోడెక్స్ వాసన ముందొస్తుంది, వెనక వాడొస్తాడు. ఒక సంచిలో కబడ్డీ బూట్లు, ఇంకోదాంట్లో వాలీబాల్ బూట్లు. పుస్తకం ఏ సంచిలో ఉందని అడిగే లెక్చరర్ మా కాలేజీలో ఇంకా చేరలేదు.

ఇక్కడ రెండు జట్లకీ వాడే కెప్టెన్. యూనివర్సిటీ సెలక్షన్లకి వెళ్ళేసరికి రెండింట్లోనూ పదమూడోవాడైపోతాడు.

ఆ బాధ తెలియాలంటే ముందు లెక్క తెలియాలి. కబడ్డీ జట్టుకి పన్నెండుమంది. ఏడుగురు కోర్టులో, అయిదుగురు బయట. వాలీబాల్‌కీ పన్నెండుమందే, ఆరుగురు లోపల, ఆరుగురు బయట. పన్నెండోవాడు ఒక్క బంతి ముట్టకపోయినా, ఒక్క కూత పెట్టకపోయినా యూనివర్సిటీ పేరున్న ట్రాక్‌సూట్ వేసుకుంటాడు, రైలెక్కుతాడు, రోజుకింతని భత్యం పుచ్చుకుంటాడు, గ్రూప్ ఫోటోలో చేతులు కట్టుకుని ఛాతీ పొంగిస్తాడు. పదమూడోవాడు స్టాండ్‌బై. అంటే ఇంటికెళ్ళి, ఫోను ఛార్జింగులో పెట్టుకుని, పన్నెండుమందిలో ఎవడికైనా కామెర్లొస్తాయేమోనని కాచుకుని కూర్చోవాలి. వాడు మంచివాడు కాబట్టి కామెర్లు కోరుకోడు. మూడురోజుల జ్వరం చాలనుకుంటాడు.

ట్రాక్‌సూట్ మోజు పైపైదే. వాడి గుండెలో ఉన్నది మూడో నంబరు ఫారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు పెట్టాలంటే దేశం తరఫున ఆడినవాడు ఒకటో నంబరు ఫారం తేవాలి, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలాడినవాడు రెండో నంబరు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలాడినవాడు మూడో నంబరు, స్కూలు పిల్లల జాతీయ క్రీడలాడినవాడు నాలుగో నంబరు. తమ మండలంలో ఎవరు ఏ ఫారంతో రైల్వేలో చేరారో, ఎవరు పోలీసులో చేరారో వాడికి కంఠతా వచ్చు. నేను చెప్పేది తెలుగు. "నాలుగు ఫారాలు గుర్తుంటాయి గానీ పద్యం నాలుగు పాదాలు గుర్తుండవేమిట్రా?" అన్నానొకసారి. "పద్యానికి పోస్టు లేద్సార్" అన్నాడు. ఉన్న ఒక్క పోస్టులో నేనే ఉన్నాను కాబట్టి ఊరుకున్నాను.

ఒక్క ఆట మీదే కూర్చోవచ్చుగా అని స్టాఫ్ రూములో అందరూ వాడికి చెప్పేవాళ్ళే. "రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో తెలుసా?" అని కామర్స్ మేడమ్ అడిగితే, "ఇంకా ఏ పడవా ఎక్కనివ్వలేదు మేడమ్, ఒడ్డునే ఉన్నాను" అన్నాడు. నా ఓటు వాడికే. ఒక్క ఆటనే నమ్ముకునే భాగ్యం పదేళ్ళ వయసులో స్పోర్ట్స్ హాస్టల్లో చేరి, మ్యాట్ మీదే మీసాలు మొలిచినవాడికి ఉంటుంది. మనవాడు మ్యాట్‌ని మొదటిసారి చూసింది సెలక్షన్ రోజున. మట్టిలో కాలు జారి జారి ఆగుతుంది. మ్యాట్ మీద పట్టేసి అక్కడే ఆగిపోతుంది, పైమనిషి మాత్రం ముందుకెళ్ళిపోతాడు. వాడి మొదటి రైడ్ ముప్పై సెకన్లూ కాళ్ళతో మాట్లాడుకోవటానికే సరిపోయింది. అలాంటివాడికి రెండో ఆట బీమా పాలసీ. ప్రీమియం ఒంటితో కడతాడు.

ఒళ్ళంటే గుర్తొచ్చింది. కబడ్డీ కోచ్‌కి వాడు బరువు పెరగాలి. "తొడలేవిరా? ఎనభై అయిదు కిలోల దాకా తూకంలో ఒప్పుకుంటారు, నువ్వు డెబ్బైలోనే తిరుగుతున్నావు. గుడ్లు తిను" అంటాడు. వాలీబాల్ కోచ్‌కి వాడు తేలికవ్వాలి. "నెట్ ఎత్తు రెండు మీటర్ల నలభై మూడు సెంటీమీటర్లు. గుడ్లు తిని దాని కింద నుంచి చూస్తావా?" అంటాడు. వాడు సోమవారం తింటాడు, మంగళవారం ఎగురుతాడు. బుధవారం నా క్లాసులో నిద్రపోతాడు. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి గనక నిద్రకి కూడా హాజరు వేస్తున్నాను.

రెండు ఆటలూ ఒకే ఒంట్లో ఉంటే ఒకదానితో ఒకటి కలిసిపోక ఏం చేస్తాయి? వాలీబాల్‌లో అవతలివాడు సర్వీస్ చెయ్యబోతుంటే మనవాడు అలవాటు కొద్దీ పక్కవాడి చెయ్యి గొలుసు పట్టేస్తాడు. బంతి ఇద్దరి మధ్యా పడుతుంది. అవతలి స్మాషర్ దూకి దిగుతుంటే వీడి చూపు బంతి మీద ఉండదు, వాడి చీలమండ మీద ఉంటుంది. ఎదుటివాణ్ణి ముట్టుకోకుండా పాయింటు ఎలా వస్తుందన్నది వీడికి ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడలేదు. కబడ్డీలో వ్యవహారం దీనికి తలకిందులుగా ఉంటుంది. రైడర్ గాల్లోకి లేవగానే వీడి రెండు చేతులూ బ్లాక్‌కి పైకి లేస్తాయి. రైడర్ వీడి చంక కింద నుంచి దూరి ఇంటికెళ్ళిపోతాడు.

ఇంతకీ రెండింట్లోనూ పదమూడో స్థానమే ఎలా వస్తుంది? వాడు జాతకమనుకున్నాడు. అసలు సంగతి మా పీడీగారి ద్వారా బయటపడింది. ఇద్దరు సెలక్టర్లూ ఒకే కాలనీలో ఉంటారు, ఒకే బండి మీద గ్రౌండుకి వస్తారు. "వాడు ఎలాగూ నీకు వాలీబాల్ ఆడతాడు కదా, పాపం ఇంకో కుర్రాడు బాగుపడతాడని పన్నెండో పేరు ఆ కుర్రాడిది రాశాను" అన్నాడట కబడ్డీ ఆయన. "అదేమిటి, నీ లిస్టులో ఉంటాడనే కదా నేను కింద పెట్టాను!" అన్నాడట వాలీబాల్ ఆయన. ఇద్దరూ బండి ఆపి, టీ తాగి, "మంచి ప్లేయరే" అని ఒప్పుకుని వెళ్ళిపోయారు. లిస్టు అప్పటికే వాట్సాప్‌లో పడింది.

వాణ్ణి ఓదార్చటానికి మద్రాసు ఎం.జె. గోపాలన్ కథ చెప్పాను. ఆయనా రెండాటలవాడే. క్రికెట్‌లో 1934లో టెస్టు ఆడాడు, ఆ ఏడే రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి బంతి వేశాడు. హాకీలో 1935లో ధ్యాన్‌చంద్ జట్టుతో న్యూజిలాండ్ వెళ్ళొచ్చాడు. 1936 వేసవిలో రెండు పిలుపులూ ఒకేసారి వచ్చాయి. ఒకటి ఇంగ్లండ్‌కి క్రికెట్, ఇంకోటి బెర్లిన్ ఒలింపిక్స్‌కి హాకీ. క్రికెట్‌తో వెళ్ళాడు. ఇంగ్లండ్‌లో ఒక్క టెస్టులో కూడా దించలేదు. అటు బెర్లిన్‌లో హాకీ జట్టు ఫైనల్లో జర్మనీని 8-1తో కొట్టి బంగారు పతకం పట్టుకొచ్చింది. అదే క్రికెట్ జట్టులో కోటా రామస్వామి కూడా ఉన్నాడు. ఆయనది టెన్నిస్, క్రికెట్. 1922లో డేవిస్ కప్ ఆడినవాడు నలభై ఏళ్ళు నిండాక మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. ఒకరికి దక్కింది, ఒకరికి దక్కలేదు, చూశావా అన్నాను.

మనవాడు రెండోకథ విననేలేదు. "గోపాలన్ గారికి ఉద్యోగం వచ్చిందా సార్?" అన్నాడు.

"బర్మా షెల్ కంపెనీలో చేశాడు."

"మరింకేం సార్! పాపం అంటారేంటి?"

సంక్రాంతికి వాణ్ణి వాళ్ళ ఊళ్ళో చూడాలి. ఫ్లెక్సీలో ఎమ్మెల్యేగారి భుజం పక్కన వాడి బొమ్మ. పగలు కబడ్డీ, రాత్రి లైట్ల కింద వాలీబాల్. మైకులోవాడు వీణ్ణి పులి అంటాడు, సింహం అంటాడు, ఆ రెండూ అయిపోయాక ప్రో కబడ్డీ పేరెత్తుతాడు. పక్కూరివాళ్ళు రానూపోనూ ఖర్చులిచ్చి, భోజనం పెట్టి తమ తరఫున ఆడమంటారు. ఆ మూడురోజులూ వాడు పదమూడోవాడన్న సంగతి ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. తెలిసినా నమ్మరు. పండగ ముగ్గులు చెరిగేసరికి ఏదో ఒక వేలు వాచి ఉంటుంది. ఆ వేలితోనే సెమిస్టర్ పరీక్ష రాస్తాడు. అక్షరాలు అలా ఉండటానికి వేలే కారణమని నాకు చెప్పాడు. వేలు బాగున్నప్పుడు రాసిన పేపరు కూడా నా దగ్గరుంది.

ఇంట్లో వాళ్ళమ్మకి ఆటల పేర్లతో పని లేదు. "ఏ ఆటకి నౌకరీ ఇస్తారో అదే ఆడు నాయనా" అంటుంది. ఈ ఏడు లిస్టు వచ్చాక కూడా అదే అంది. వాడు రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే పీడీగారి గదికి వచ్చాడు. నేను అక్కడే భత్యాల రసీదుల మీద సంతకాలు పెడుతున్నాను.

"సార్, జనం తక్కువుండే ఆట ఏదైనా ఉందా?"

పీడీగారు కళ్ళజోడు పైకి తోశారు. "సాఫ్ట్‌బాల్ ఉంది. తొమ్మిదిమంది ఆడాలి."

"మన దగ్గర ఎంతమంది వచ్చారు సార్?"

"నీతో ఎనిమిది."

వాడి మొహం వెలిగిపోయింది. సంచి విప్పాడు. పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటర్ మార్కుల లిస్టు, ఎలిజిబిలిటీ ఫారం మీద అంటించటానికి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, అన్నీ ఉన్నాయి. ఫారం నింపి సంతకం పెట్టాక అడిగాడు:

"ఆట ఎలా ఆడాలి సార్?"

"అది బస్సులో చెప్తాలే. ముందు లైబ్రరీకి వెళ్ళి తొమ్మిదోవాణ్ణి లేపుకురా."