23 కిలోల విద్య

అమెరికా వెళ్లే పిల్లాడి పెట్టెలు సర్దడానికి కంప్యూటర్ ప్రోగ్రాం రాయదలచారా? ముందు అమ్మను గదిలోంచి పంపేయండి. సర్దడం వచ్చినవాళ్లు పక్కనుంటే ప్రోగ్రాంతో పనే పడదు. అది మన వృత్తికి మంచిది కాదు.

నల్ల తెర తెరవండి. బొమ్మలూ బటన్లూ వద్దు. కమాండ్ టైపు చేసి నడిపే ప్రోగ్రాంకే ఇంట్లో గౌరవం. చూసేవాళ్లకు ముక్క అర్థం కాదు కదా! చాలా విమానాల్లో ఎకానమీ టికెట్టుకు రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఖాళీ పెట్టే 4 కిలోలు తూగితే మీకు మిగిలేది 19. ఈ తీసివేత మరిచినవాళ్లు ఎయిర్‌పోర్టులో నేల మీద చతికిలబడి, క్యూ మొత్తానికీ బనియన్లు చూపిస్తూ లెక్క నేర్చుకుంటారు.

ఇక సరుకులన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి: బట్టలు 9, పుస్తకాలు 8, ఆవకాయ 6, పొడులు 6, సున్నుండలు 5, కుక్కరు 4. మొత్తం 38. రెండు పెట్టెలకు సరిగ్గా సరి. పద్ధతి కూడా పేరున్నదే వాడండి. బరువైనవాటితో మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ పట్టిన మొదటి పెట్టెలో వెయ్యడం. ఫస్ట్ ఫిట్ డిక్రీజింగ్ అంటారు. ఎంటర్ నొక్కండి. బట్టలూ పుస్తకాలూ ఒక దాంట్లో, 17. ఆవకాయ, పొడులు, సున్నుండలు రెండో దాంట్లో, అదీ 17. కుక్కరు బయట. తెర మీద తీర్పు: మూడో పెట్టె కావాలి.

ప్రోగ్రాంను తిట్టకండి. ఈ పద్ధతి వాడే పెట్టెలు, నిజంగా అవసరమైనవాటికి 11/9 రెట్లు, ఆపైన ఇంకో 6/9 దాటవని గణితజ్ఞులు నిరూపించారు. రెండు పెట్టెల సామానుకు మూడు పట్టడం అందులో ధర్మబద్ధమే. ఈ మాట చెక్-ఇన్ కౌంటర్లో చెప్పండి, అదనపు రుసుము మాఫీ చేస్తారేమో.

పోనీ అన్ని అమరికలూ వేసి చూస్తారా? ఆరు వస్తువులకు 64 రకాలే. పొట్లాలు 40 అయితే లక్ష కోట్లు దాటుతాయి. ఎంత పెద్ద జాబితాకైనా వేగంగా, ఖాయంగా సరైన జవాబిచ్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఈలోగా అమ్మ కాఫీ ఇవ్వడానికి వచ్చి, "ఆ పుస్తకాలు అటు పెట్టరా, ఆవకాయా కుక్కరూ ఇటు తే" అంటుంది. 19, 19. పైగా కుక్కరు ఖాళీగా పోవడమేమిటని అందులో కందిపొడి పొట్లాలు కుక్కేస్తుంది. మీ ఫైల్లో కుక్కరుకు బరువే ఉంది, కడుపు లేదు. ఇదంతా యాదృచ్ఛికమని కొట్టిపారేసి, మీరు కోడ్‌కు కామెంట్లు రాసుకోండి.

అంతా అయ్యాక పక్కింటి పిన్నిగారు వస్తారు. "మా అమ్మాయికి కాస్త అప్పడాలు బాబూ, అర కిలో కూడా ఉండవు." తూచకండి, బాధపడతారు. తూస్తే రెండు కిలోలు. ఏం వస్తుందో ముందుగా తెలియకుండా సర్దడం ఇంకా కష్టమని శాస్త్రం కూడా ఒప్పుకుంది.

చికెన్ పచ్చడిని మాత్రం ఫైల్లో ఎక్కించకండి. అమెరికా కస్టమ్స్ వాళ్లకు దొరికితే అది ఎన్ని కిలోలున్నా చెత్తబుట్టకే.